కల్తీ దెబ్బ తిని నిలదొక్కుకున్న బార్బెరా

1986 మార్చిలో ఇటలీ వైన్ మార్కెట్‌ను కుదిపివేసిన మిథనాల్ కల్తీలో ఎక్కువగా పేరు చెడిన సరుకు బార్బెరా. పలచని చౌకరకం వైన్‌లో ఆల్కహాల్ శాతం పెంచి చూపడానికి కొందరు వ్యాపారులు మిథనాల్ కలిపారు. 1984లో పన్ను తగ్గించడంతో ఆ రసాయనం చౌకగా దొరికింది. ఆ వైన్ తాగి సుమారు 20 మంది మరణించారు. కొందరు చూపు కోల్పోయారు. విదేశీ కొనుగోలుదార్లు వెనుకంజ వేయడంతో ఎగుమతులు ఒక్కసారిగా పడిపోయాయి. తప్పు కొందరిదైనా నష్టం అందరికీ తగిలింది.

బార్బెరా నల్లద్రాక్ష. వాయవ్య ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతపు మోన్‌ఫెరాతో కొండలు దీని స్వస్థలమని చెబుతారు. అక్కడి 13వ శతాబ్దపు కౌలు పత్రాలలో ఇటువంటి పేరు కనిపిస్తున్నా, అది ఈ రకమేనా అన్న దానిపై నిపుణులలో ఏకాభిప్రాయం లేదు. ఇటలీ నుండి వలస వెళ్లినవారు దీనిని అర్జెంటీనా, కాలిఫోర్నియాలకు తీసుకువెళ్లారు.

ఈ వైన్‌కు రంగు చిక్కన, పులుపు ఎక్కువ, వగరు తక్కువ. అదే ప్రాంతపు నెబ్బియోలో రకం ఇందుకు విరుద్ధం: రంగు పలచన, వగరు ఎక్కువ, ఏళ్లతరబడి నిలవ ఉంచాలి. బార్బెరా ముందుగా కోతకు వస్తుంది, దిగుబడి అధికం, సొమ్ము త్వరగా చేతికందుతుంది. అయితే కాపు ఎక్కువైతే రసం పలచబడి పులుపే మిగులుతుంది. చౌక సరుకుగా ముద్ర పడడానికి కారణం ఇదే.

ఈ ముద్రను తొలగించడానికి కల్తీ వ్యవహారానికి ముందే ప్రయత్నం మొదలైంది. రొకెట్టా తనారోకు చెందిన జాకొమో బొలోన్యా 1982 పంట వైన్‌ను చిన్న ఓక్ పీపాలలో నిలవచేసి 'బ్రికో దెల్ ఉచ్చెల్లోనే' పేరుతో అమ్మారు. ద్రాక్షలో తక్కువైన వగరును ఓక్ కర్ర సమకూర్చింది. కాపు తగ్గించి, పండు బాగా మాగనిచ్చే పద్ధతిని ఇతరులూ అనుసరించారు. 1970 నుండి నియంత్రిత హోదా ఉన్న 'బార్బెరా దాస్తి'కి 2008లో ప్రభుత్వ హామీ గల అత్యున్నత హోదా లభించింది.

ఇప్పుడు ఈ పేరుతో రెండు తరహాల సరుకు వస్తోంది. ఒకటి త్వరగా అమ్ముడుపోయే తాజా వైన్. రెండవది పీపాలలో నిలవచేసిన 'సుపీరియోరే'. ధరలలో తేడా గణనీయం. కనుక ద్రాక్ష పేరు ఒక్కటి చూసి బేరం కుదుర్చుకోవడం సరికాదు. ప్రాంతం పేరు, పంట సంవత్సరం, హోదా ముద్ర, ఉత్పత్తిదారు పేరు చూసుకున్నాకే ధర కట్టడం మంచిది. పోగొట్టుకున్న నమ్మకాన్ని తిరిగి సంపాదించడానికి బార్బెరాకు 20 ఏళ్లకు పైగా పట్టింది.