అంగన్‌వాడీ పేరిట ఓటీపీ అడిగితే…

బందరు తల్లులకు అంగన్‌వాడీ అంటే బాలామృతం, గుడ్లు, ఆటపాటలు. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చిన నాటి నుండి బిడ్డ పేరు, బరువు, తల్లి ఆధార్, ఫోను నంబరు కార్యకర్త సెల్‌ఫోనులో నమోదవుతున్నాయి. అవి ఆమె వద్దనున్న అమానతు. ఆ ఫోనుకు తాళం ఉన్నదా అని అడగడం తప్పు కాదు.

ఈ-కేవైసీ వేళ ఆధార్ ఓటీపీని ఆమెకు చెప్పక తప్పదు. చిక్కంతా ఇక్కడే. కేంద్రంలో ఎదురుగా కూర్చొని చెప్పిన అలవాటునే మోసగాడు వాడుకుంటాడు: "అమ్మా, అంగన్‌వాడీ నుండి మాట్లాడుతున్నాము. మాతృవందన సొమ్ము పడాలి, నంబరు చెప్పండి." బిడ్డ పేరు కూడా పలికితే ఏ తల్లి అనుమానిస్తుంది? ఫోను పెట్టేసి కేంద్రానికే వెళ్ళి అడగండి.

సొమ్ము పోయినవారు సిగ్గుపడి దాచక వెంటనే 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలిపితే, ఆ డబ్బును మధ్యలోనే నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.