బరువు తగ్గే ఆపరేషన్ తరువాత జాగ్రత్తలు

ఆపరేషన్‌తో పని అయిపోయిందనుకోకండి. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగం తీసివేస్తారు. మిగిలిన సన్నని సంచి కుట్లు మానాలి. అందుకే మొదటి 2 వారాలు నీళ్లు, పలుచని మజ్జిగ, పెసరకట్టు వంటివే గుక్కెడు గుక్కెడుగా తాగాలి. తరువాత మెత్తగా మెదిపిన పప్పు, గుడ్డు. మామూలు భోజనానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. సికింద్రాబాదులో విందంటే బిర్యానీయే; "ఒక్క ముద్దే కదా" అని బంధువులు బలవంతపెట్టరాదు.

మొదటి రోజు నుంచే కాస్త నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. జ్వరం, గుండెదడ, తగ్గని కడుపునొప్పి, ఆయాసం, పిక్క వాపు, ఆగని వాంతులు: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. కుట్ల దగ్గర లీకు అయి ఉండవచ్చు, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి రండి.

షుగరు, బి.పి. మందుల మోతాదు తగ్గవచ్చు, సొంతంగా మార్చకండి. మూడో నెల నుంచి జుట్టు రాలినా కంగారుపడవద్దు, చాలామందికి తిరిగి వస్తుంది. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రలు డాక్టరు చెప్పినట్లు జీవితాంతం వాడాలి. స్త్రీలు 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. లెంటు దినాలలో ఉపవాసం ఉండదలచినవారు ముందుగా డాక్టరును అడగండి.