క్రిస్మస్ గృహాలంకరణ – అంతరార్థం

ఏ పండుగ రాకనైనా మొదట చాటేది ఇంటి ముంగిలి. సంక్రాంతికి రంగవల్లులు, దీపావళికి ప్రమిదల వరుసలు ఎలాగో, క్రిస్మస్‌కు ఇంటిపై వెలిగే నక్షత్రం అలాగ. డిసెంబరు మాసం ప్రవేశించగానే గుంటూరు, కృష్ణా, గోదావరి ప్రాంతాల క్రైస్తవ గృహాలలో గోడలకు వెల్ల వేయడం, పాత సామగ్రిని దులిపి సర్దడం, రంగు కాగితాలు కత్తిరించడం ఆరంభమవుతాయి. కంటికి ఇంపు గొలిపే ఈ అలంకరణలో ప్రతి వస్తువుకూ ఒక చరిత్ర, ఒక అర్థం ఉన్నాయి. అవి తెలిసినప్పుడే ఈ శోభ అంతా ఎవరి కోసమో మనకు బోధపడుతుంది.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలతో కూడిన కాలాన్ని క్రైస్తవులు ఆగమన కాలమని వ్యవహరిస్తారు. ఇది నిరీక్షణ కాలం. రానున్న అతిథి కోసం గృహస్థుడు ఇంటిని శుభ్రపరచుకున్నట్లే, క్రీస్తు జననాన్ని స్మరించడానికి కుటుంబమంతా ఇంటిని సిద్ధం చేస్తుంది.

అలంకరణలో మొదటి స్థానం నక్షత్రానిది. తూర్పు దేశపు జ్ఞానులకు ఒక నక్షత్రం దారి చూపి, బేత్లెహేములో శిశువు ఉన్న చోట నిలిచిందని మత్తయి సువార్త తెలుపుతుంది. జర్మనీలోని నీస్కీ పట్టణంలో, మొరేవియన్ సంఘం వారి పాఠశాలలో, 19వ శతాబ్ది ప్రథమార్ధంలో విద్యార్థులు జ్యామితి పాఠంలో భాగంగా అనేక కోణాలు గల కాగితపు నక్షత్రాలను తయారు చేశారు. అటువంటి నక్షత్రాలు నేటికీ ఐరోపాలో ప్రసిద్ధాలు. మన పల్లెలలో వెదురు బద్దలను అయిదు కోణాలుగా కట్టి, రంగు కాగితం అతికించి, పొడవాటి గడ చివర నిలుపుతారు. పూర్వం అందులో చిన్న దీపం ఉంచేవారు. ఇప్పుడు విద్యుద్దీపం వెలుగుతున్నది. ఆ వెలుగు ఇంట్లోని వారికంటె వీధిలో నడిచే బాటసారికే ఎక్కువగా కనిపించడం గమనార్హం.

రెండవది క్రిస్మస్ చెట్టు. శీతకాలపు మంచులో సైతం పచ్చదనం కోల్పోని సతత హరిత వృక్షాన్ని ఇంటికి తెచ్చి అలంకరించే ఆచారం 16వ శతాబ్ది నాటికే జర్మన్ ప్రాంతాలలో ఉన్నది. విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలిచిన చిత్రం 1848లో లండన్ పత్రికలో వెలువడిన తరువాత ఆ ఆచారం మరింతగా వ్యాపించింది. ఎడిసన్ సహచరుడైన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్కులోని తన ఇంటి చెట్టును 80 చిన్న విద్యుద్దీపాలతో వెలిగించాడు.

తెలుగు నేలపై 19వ శతాబ్దిలో విదేశీ మిషన్లు నెలకొన్నాయి. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో ప్రారంభమయింది. ఇటువంటి పరిచయాల వల్ల వచ్చిన పాశ్చాత్యాచారాలను మనవారు తమ పరిసరాలకు అనుగుణంగా మలచుకున్నారు. పైన్ చెట్టు దొరకని కోస్తాలో, సూదుల వలె కనిపించే రెమ్మలు గల సరుగుడు కొమ్మ క్రిస్మస్ చెట్టయింది. గుమ్మానికి మామిడాకుల తోరణం, బంతిపూల దండ అమరాయి. ముంగిట ముగ్గులో నక్షత్రం వెలసింది. వచ్చిన ఆచారం ఈ విధంగా మన ఇంటిదయింది.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది పశువుల పాక. అసిసీకి చెందిన ఫ్రాన్సిస్ 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో ఎండుగడ్డి పరచిన తొట్టిని, సజీవమైన ఎద్దును, గాడిదను ఉంచి క్రీస్తు జనన దృశ్యాన్ని సామాన్య జనులకు కళ్లకు కట్టించాడు. నేడు ఇళ్లలో అట్టముక్కలతో, ఎండుగడ్డితో పిల్లలే పాకను కడతారు. కొందరు ముందుగానే మూకుడులో రాగులు చల్లి, మొలకెత్తిన పైరును పాక చుట్టూ పచ్చికగా అమరుస్తారు. మరియమ్మ, యోసేపు, గొల్లలు, పశువులు మొదలైన బొమ్మలన్నీ పెట్టినా, అనేక కుటుంబాలలో తొట్టిని మాత్రం ఖాళీగా ఉంచుతారు. డిసెంబరు 24 అర్ధరాత్రి ఆరాధన తరువాతనే బాలయేసు బొమ్మను అందులో పరుండబెడతారు. జ్ఞానుల బొమ్మలను దూరంగా ఉంచి, జనవరి 6 నాటికి పాక చెంతకు చేర్చేవారు కూడా ఉన్నారు. ఎదురుచూడటంలోని మాధుర్యాన్ని పిల్లలు ఈ విధంగా గ్రహిస్తారు.

ఇంటిలోని ఇంత వెలుగుకూ కేంద్రం ఒక పేద పశువుల తొట్టి కావడం ఆలోచింపదగిన విషయం. సత్రంలో స్థలం లేనందువల్ల మరియ తన శిశువును తొట్టిలో పరుండబెట్టినదని లూకా సువార్త చెబుతుంది. నేడు అంగడిలో దొరకని అలంకరణ వస్తువు లేదు. పొరుగింటి నక్షత్రం కంటె మన నక్షత్రం పెద్దదిగా ఉండాలనే పోటీతో శక్తికి మించి ఖర్చు చేసేవారు, అందుకై అప్పు చేసేవారు కూడా లేకపోలేదు. కూలి చేసుకొని బ్రతికే తండ్రి తన బిడ్డలతో కూర్చుండి కట్టిన కాగితపు నక్షత్రానికి ఆ పాక దృష్టిలో ఏ లోటూ లేదు. గత సంవత్సరపు తారలను, దండలను భద్రపరచి తిరిగి వాడుకొనే ఇల్లాలు ధనాన్నే గాక పరిసరాలను కూడా కాపాడుతున్నది.

పండుగనాడు అరిసెల పళ్లెం కులమతాలు చూడకుండా ఇరుగుపొరుగు ఇళ్లకు చేరడం మన గ్రామాలలో నేటికీ కనిపించే దృశ్యం. గృహాలంకరణకు పరిపూర్ణత చేకూర్చేది ఈ ఆదరణే. ఎంతగా వెలిగించినా, నక్షత్రాన్ని చూసి వచ్చిన వానికి తలుపు తెరవని ఇల్లు నాటి సత్రాన్నే పోలి ఉంటుంది. తెరచిన తలుపు వెనుక ఒక చిన్న దీపమున్నా చాలు. ఆ ఇంట పండుగ ప్రవేశించినట్లే.