గింజలో నూనె, దేహంలో కొవ్వు

కర్నూలు, కడప సీమల మెట్టపొలాలలో వేరుశనగ చిరకాలంగా పండుతున్నది. ఆ గింజలో నూనె ఎంత ఉన్నదో తెలియడానికి దానిని గానుగ పట్టనక్కరలేదు. గింజను అయస్కాంత క్షేత్రంలో ఉంచి రేడియో తరంగాలు ప్రసరింపజేస్తే, అందులోని ఉదజని కేంద్రకాలు బదులు పలుకుతాయి. నూనెలోని ఉదజని ఒక తీరున, గట్టిభాగంలోనిది మరొక తీరున పలుకుతుంది. ఆ భేదమే నూనెకు కొలత. కొలిచిన గింజనే పొలంలో విత్తుకోవచ్చు.

మానవదేహంలోని కొవ్వును ఎం.ఆర్.ఐ. శోధించేది కూడ ఈ ఉదజని పలుకులతోనే. నీటి ఉదజనికీ, కొవ్వు ఉదజనికీ శ్రుతిభేదం పదిలక్షలకు సుమారు మూడున్నర పాళ్లు. ఆ కొద్దిపాటి తేడాతోనే 1984లో డిక్సన్ రెండింటినీ వేర్వేరు చిత్రాలుగా విడదీశాడు.

కొవ్వుకణం మిల్లీమీటరులో సుమారు పదోవంతు. కనుక సాధారణ చిత్రంలో విడిగా కనబడదు. అయితే కొవ్వు అణువులు నిలకడ లేక కదులుతూ, తమ బొట్టు అంచు దాటలేక ఆగిపోతాయి. ఆ కదలికను కొలిచి బొట్టు ఎంతటిదో లెక్కకట్టవచ్చు. తెల్లకొవ్వు కణంలో ఒకే పెద్ద బొట్టు. వేడిని పుట్టించే గోధుమరంగు కొవ్వు కణంలో చిన్నబొట్లు అనేకం.

సన్నని మనిషికి ఈ శోధనతో పని ఏమి? 2004లో పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ దేహాలనే పోల్చి ప్రకటించారు. ఎత్తు బరువుల సూచిక ఇద్దరికీ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు నూటికి 9.1, యాజ్ఞిక్‌కు 21.2 పాళ్లు. కరవుసీమలోనైనా పైకి కనబడే సన్నదనం లోపలి కొవ్వుకు కొలత కాదు. కాలేయంలో చేరిన కొవ్వు మధుమేహానికి తోవ తీస్తుంది. దానిని కత్తి ఆనకుండ ఈ అయస్కాంతం ముందే కొలిచి చెప్పగలదు.