గడీలో అంట్లు ఎవరు తోమారు?

రాజ్యాలు కూలిన కథల్లో కోటలు, తుపాకులు, జెండాలే ఉంటాయి. వంటిల్లు ఎక్కడా కనపడదు. 1789 అక్టోబర్ 5న పారిస్ ఆడవాళ్లు రొట్టె దొరకడం లేదని వానలో వెర్సాయ్ దాకా నడిచి, మర్నాడు రాజుగారిని కుటుంబంతో సహా వెంటబెట్టుకొచ్చారని చదివి భలే అనుకున్నాను. మూడేళ్లకు అక్కడ రాజరికమే రద్దయింది.

మన దగ్గర రాజు పోవడం, వెట్టి పోవడం ఒకేసారి జరగలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక తెలంగాణ పల్లెలు నైజాం మీద, దేశ్‌ముఖుల మీద తిరగబడ్డాయి. మన కరీంనగర్ వైపు బద్దం ఎల్లారెడ్డి, అనభేరి ప్రభాకరరావు వంటివాళ్లు కదిలారు. ప్రభాకరరావు 1948 మార్చి 14న కాల్పుల్లో చనిపోయారు. అదే ఏడు సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17కల్లా నైజాం లొంగిపోయాడు. ఐదంటే ఐదు రోజులు! ఆ నైజామునే 1950లో రాజప్రముఖ్‌ను చేశారు, 1956 దాకా ఉంచారు. రాజుకే అంత మర్యాద జరిగితే ఊళ్లో దొరకేం భయం?

కోరుట్లలో నాకు తెలిసిన ఒక అవ్వ ఈ మాటే చెప్పింది. "రాజు పోయిండని మా అమ్మోళ్లు ఇన్నరట బిడ్డా. తెల్లారి ఎప్పటిలెక్కనే గడికి బోయి వాకిలి ఊడ్చిర్రట." అవ్వ కూడా చిన్నప్పుడు గడిలో వడ్లు దంచింది, నీళ్లు మోసింది. కూలి అడిగే పని కాదది, వెట్టి. ఇంట్లో పసిపిల్ల ఏడుస్తున్నా దొరసాని కబురొస్తే పోవాల్సిందే. చెప్పుకోలేనివి కూడా కొన్ని జరిగేవి. అక్కడ అవ్వ మాట ఆపేసింది, నేనూ అడగలేదు.

ఎమర్జెన్సీ పోయాక జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీ సంఘాలు పుట్టాయి. వెట్టి ఆగాలి, కూలి పెరగాలి, పంచాయితీల పేరుతో దొరలు గుంజిన దండుగలు తిరిగివ్వాలి, బంజర్లు పేదలకు రావాలి అన్నారు. 1978 సెప్టెంబర్ 7న వేలమంది జగిత్యాలకు ఊరేగింపుగా వచ్చారు. జైత్రయాత్ర అంటే అదే.

నాకు ఊరేగింపు కన్నా సాంఘిక బహిష్కరణే గొప్పగా తోస్తుంది. మాట వినని దొర ఇంటికి చాకలి పోలేదు, మంగలి పోలేదు, జీతగాళ్లు కొట్టంలో అడుగు పెట్టలేదు, పనివాళ్లు పొయ్యి ముట్టించలేదు. రెండ్రోజులు పనిమనిషి రాకపోతే మన ఇళ్లే ఎలా ఉంటాయో మనకు తెలుసు కదా! అంత పెద్ద గడిలో ఇక చెప్పాలా? దొరలు చాలామంది పట్నాలకు మకాం మార్చేశారు.

"భయం కాలేదా అవ్వా?" అంటే, "ఎందుకు కాలే? ఒక్కదాన్నే పోకుంటే సంపుదురు. వాడకట్టంత పోలేదాయె" అంది.

1978 అక్టోబర్ 20న ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు, అరెస్టులు వచ్చాయి. తర్వాతి ఏళ్లలో రెండు వైపులా నెత్తురు పారింది. మగవాళ్లు జైలుకో, అడవికో, దుబాయికో పోతే బీడీల చాట ముందు కూర్చుని ఇల్లు నడిపింది ఆడవాళ్లే.

సాయుధ పోరాటంలో ఆడవాళ్లు చెప్పిన మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చు వేసింది. అలాగే మీ వాడలో గడి పని చేసిన అవ్వలుంటే కూర్చోబెట్టుకుని అడగండి. ఏం పని చేశారు, ఏం పెట్టారు, ఏ రోజు నుంచి పోవడం మానేశారు, రాసిపెట్టండి. వాళ్లకిప్పుడు డెబ్బై దాటుతున్నాయి.