సైకిల్ ఆగితే చాలు!

కారులో పోయేవాణ్ని ఎవరూ ‘అన్నం తిన్నావా’ అని అడగరు. అద్దాలు బిగించుకున్నవాడి ఆకలి బయటివాళ్లకెలా తెలుస్తుంది? సైకిల్ మీద దూరం పోయేవాడి సంగతి వేరు. చెమట, రొప్పు, చక్రానికి అటూ ఇటూ వేలాడే సంచులు... అన్నీ బహిరంగమే. గంటకి పదిహేను కిలోమీటర్లంటే, అరుగు మీద మనిషి ‘ఎక్కడిదాకా అండీ?’ అని అడగడానికీ, మనం తొక్కుతూనే జవాబివ్వడానికీ సరిపోయే వేగం.

నమ్మకం కుదరకపోతే ఒకరోజు రాజమహేంద్రవరం నుంచి అంతర్వేదికి తొక్కి చూడండి. ఇంచుమించు వంద కిలోమీటర్లు, దారిలో ఒక్క కొండ లేదు. చీకటితోనే బయల్దేరి ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కి, బొబ్బర్లంక దగ్గర కాలువ గట్టు పట్టుకుంటే చాలు. ఇక్కడ కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పుడు తవ్విన కాలువలే ఇప్పటికీ ఇక్కడ నీళ్లకీ దారే, మనుషులకీ దారే. శనివారమైతే వాడపల్లి వెంకన్నకు ఏడు వారాలు మొక్కుకున్నవాళ్లతో రోడ్డు నిండిపోతుంది, ఆ రోజు మానుకోండి.

నేను వెళ్లినప్పుడు ఆత్రేయపురంలో ఒకావిడ బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి, క్షణంలో రేకు తీస్తోంది. ఈ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సైకిల్ స్టాండు వేసి చూస్తూ నిలబడ్డాను. విరిగిన రేకులో ఇంత బెల్లం పొడి, నెయ్యి వేసి మడిచి చేతిలో పెట్టింది. ‘విరిగింది అమ్మకానికి పనికిరాదులెండి, తినండి’ అంది. ఇచ్చినట్టు కనిపించకుండా ఇవ్వడం ఎలాగో ఆమెకు బాగా తెలుసు.

రావులపాలెం దాటాక వెనక చక్రంలో గాలి పోయింది. చెట్టు కింద ఒక చెక్కపెట్టె, నీళ్ల తొట్టి. అదే షాపు. ఆ పెద్దాయన నా ట్యూబు వాల్వు చూసి ‘ఇదేంటండీ, సూదిలాగుంది! మా పంపు దీనికి పట్టదు’ అన్నాడు. అంటూనే ట్యూబు తొట్టిలో ముంచి, బుడగ వచ్చిన చోట గీకి, సొల్యూషన్ రాసి అతుకేశాడు. నా చిన్న పంపుతో గాలి కొట్టడానికి మాత్రం ఇద్దరం వంతులేసుకోవాల్సి వచ్చింది. నేను నోటిచ్చి చిల్లర ఉంచుకోమంటే లెక్కపెట్టి మరీ తిరిగిచ్చాడు. ‘పంక్చరు పంక్చరేనండి, సైకిలు ఖరీదును బట్టి రేటుండదు.’ ఊరికే చేసిపెడితేనే దయ అనుకుంటాం గానీ, పరాయివాణ్ని ఊరివాడి లెక్కలోనే చూడటం అంతకంటే గొప్పదని నాకనిపించింది.

అంబాజీపేట కొబ్బరి రాశుల మధ్య నుంచి పోతుంటే ఎండ ముదిరింది. ఒక పెంకుటింటి అరుగు మీది ముసలమ్మ కేకేసింది. ‘ఎండ నెత్తి మీదుంది నాయనా, కాస్త మజ్జిగ తాగి ఎల్దువుగాని.’ మజ్జిగ తర్వాత అన్నం, దోసావకాయ వచ్చాయి. నిజం దాచకూడదు కాబట్టి ఇదీ చెప్పాలి: పేరు అడిగాక ‘ఏమట్లు?’ అని, అంటే కులమేదని కూడా అడిగింది. ఈ దారుల్లో ఆ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. జవాబును బట్టి గ్లాసు మారే ఇల్లు లేదని నేను హామీ ఇవ్వలేను. ఆడపిల్లలు తొక్కుకుంటూ వస్తే ‘ఇంట్లో ఒప్పుకున్నారా?’ అన్నది అదనం. ఇక క్యారేజీకి చేపల బుట్ట కట్టుకుని ఊరూరా తిరిగేవాడు రోజూ నాలాగే దూరం తొక్కుతాడు. హెల్మెట్, రంగు చొక్కా లేనందుకేనేమో, అతన్ని ఎవరూ ఆపి భోజనానికి పిలవరు.

ఆ ప్రశ్నలేవీ అడక్కుండా అన్నం పెట్టిన మనిషి ఊరు కూడా ఈ పక్కనే ఉంది. డొక్కా సీతమ్మ 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చింది. ఏ వేళకు వచ్చిన బాటసారికైనా వండి వడ్డించి, 1909లో కన్నుమూసింది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరిందట. దారిలో ఒక పెళ్లిబృందం ‘ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మగారింటికి చేరితే భోజనమే’ అని పిల్లల్ని ఊరడించడం విని, దేవుణ్ని తర్వాత చూడొచ్చని వెనక్కి తిరిగిందని ఇక్కడివాళ్లు చెబుతారు. వైనతేయ నది మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడెక్టుకు ఇప్పుడు ఆమె పేరే పెట్టారు.

ఇలా దారినపోయేవాళ్లకు పెట్టడం మన నేలకే సొంతమని గొప్పలు పోనక్కర్లేదు. అమెరికాలో 1976లో వేలమంది సైకిళ్ల మీద దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి తొక్కారు. వర్జీనియాలో వాళ్లు కొండెక్కే దారి పక్కన ఆఫ్టన్ అనే చిన్న ఊరు. అక్కడ జూన్ కర్రీ అనే ఆవిడ, నీళ్లకోసం ఆగినవాళ్లకు బిస్కట్లు కాల్చిపెట్టడం మొదలుపెట్టింది. తర్వాత వాళ్లు పడుకోవడానికి ఇల్లే ఇచ్చింది. చాలా ఏళ్లు ఆ పని చేసి 2012లో కన్నుమూసింది. ఆ ఇంటి గోడల నిండా ఆమె పెట్టింది తిని వెళ్లినవాళ్లు రాసిన కార్డులే ఉండేవి.

మనకు సత్రాలూ చలివేంద్రాలూ నడిచేవాళ్ల కోసం పుట్టాయి. ఎనభై మీద పోయే బండి వాటి దగ్గర ఆగదు. పెట్టేవాళ్లు తగ్గారని మనం వాపోతాం గానీ, నా లెక్కలో తగ్గింది ఆగేవాళ్లు.

రాజోలు దాటాక సముద్రపు గాలి ఎదురు తిరుగుతుంది. మలికిపురం నుంచి చివరి మైళ్లు పళ్లబిగువున తొక్కాల్సిందే. తిరుగు ప్రయాణానికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే నరసాపురంలో రైలుంది.

వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి మంచివి. తినడానికేమీ మోసుకెళ్లకండి. పంపు, అదనపు ట్యూబు మాత్రం మరచిపోవద్దు. ఈ దారిలో అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, సన్న వాల్వు ట్యూబు దొరకదు.