గేరుపెట్టెకు వచ్చిపోవు జబ్బు

నిలుకడగా నుండు రోగమును కనిపెట్టుట వైద్యునకు కష్టము కాదు. వచ్చి పోవునదియే యాతనిని చిక్కున బెట్టును. మోటారుబండి విషయమును నట్టిదే. బొత్తిగా కదలని బండిని చూచి మేస్త్రీ కొలది సేపటిలో కారణమును చెప్పగలడు. కాని నెలకు నాలుగుమారులు మాత్రమే గేరు పడక మొండికెత్తి, షెడ్డు ముంగిటికి తెచ్చునప్పటికి పెండ్లికుమారునివలె నణకువతో నడచు బండిని చూచి యెంతటి పనివాడైనను తెల్లబోవును. ఇట్టి జబ్బును పట్టుకొను విధమెట్టిదో యీ వ్యాసమున వివరింప దలచితిమి.

ఇది కేవలము వినోదమునకై చెప్పు మాట గాదు. వేములపల్లి నార్కట్‌పల్లి నుండి అద్దంకికి పోవు పెద్దదారి మీద నున్నది. ఒకవైపున నల్లగొండ, మరియొకవైపున మిర్యాలగూడెము. కోతలకాలమున మిర్యాలగూడెము మిల్లులకు వడ్లు తోలు లారీలును ట్రాక్టర్లును ఈ దారిని బారులు తీరును. అట్టి లారీ నొకదానిని దాటబోవు సమయమున, ఎదుటనుండి బస్సు వచ్చుచుండగా, ఇంజను గర్జించియు బండి ముందునకు సాగకున్న నేమగునో చదువరులే యూహించుకొనగలరు. ధనవిషయమును తక్కువది కాదు. అప్పుచేసి కారు కొని అద్దెకు త్రిప్పుకొనువానికి గేరుపెట్టె విప్పించుట యనగా కొన్ని నెలల సంపాదన. విప్పిన పిమ్మట జబ్బు పెట్టెలో లేదని తేలినచో నా సొమ్మును తిరిగి యిచ్చువారు లేరు.

గేరుపెట్టె చేయు పనిని ముందుగా తెలిసికొందము. ఇంజను మెల్లగా తిరుగునపుడు దానికి బలము చాలదు. వేగముగా తిరిగినగాని సత్తువ రాదు. నిలిచిన బండిని కదల్చుటకును మిట్ట నెక్కుటకును కావలసినది బలము, చదునైన దారిని పోవుటకు కావలసినది వేగము. పండ్రెండు పండ్లుగల చిన్నచక్రము ముప్పదియారు పండ్లుగల పెద్దచక్రమును త్రిప్పినచో వేగము మూడవవంతుకు తగ్గి బలము ఇంచుమించుగా మూడింతలగును. గేర్ల రహస్యమంతయు నింతే. ఇంజనునకును పెట్టెకును నడుమ క్లచ్చి యుండి, కావలసినపుడు కలిపి, వలదన్నపుడు విడదీయును. ఆటోమేటిక్ బండ్లలో నీ పనిని ఎక్కువగా నూనెయే చేయును. రెండు పంకాలు ఎదురెదురుగా నుంచి యొకదానిని త్రిప్పిన, దాని గాలికి రెండవదియు తిరుగును గదా. గాలికి మారుగా నూనె యున్నదని యనుకొనుడు. ఆ నూనెయే లోపలి పలకలను అదిమిపట్టును, వేడిని మోసికొని పోవును.

పూర్వపు హైదరాబాదు రాష్ట్రమున 1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. ఆ కాలపు బండ్లలో గేరు మార్చుట యొక విద్య. తప్పు జరిగిన పండ్లు కొఱకుచు బజారంతయు వినునట్లు అరచుచుండెను. లోపమును దాచుట వానికి తెలియదు. 1928లో అమెరికాలో కాడిలాక్ వారు చక్రముల వేగములను ముందు సమానముచేసి పిమ్మట కలుపు పద్ధతిని కార్లలో ప్రవేశపెట్టిరి. 1940వ సంవత్సరపు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో తనంతట తానే గేరు మార్చుకొను పెట్టె వచ్చెను. నేడు దానిపై కంప్యూటరు కూర్చున్నది. సుఖము పెరిగినకొలది లోపము లోలోపలికి పోయినది.

1897లో సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన సంగతి మన బాలురందఱు నెఱుగుదురు. ఆ జ్వరమును పరీక్షించు వైద్యుడు మొదట నడుగునది "ఎప్పుడు వచ్చును? ఎంతసేపుండును? నడుమ నెన్ని దినములు విడుచును?" అనియే. బండికిని ఇవే ప్రశ్నలు. కావున మొదటి పనిముట్టు స్పానరు గాదు, కాగితమును పెన్సిలును. జబ్బు వచ్చినప్పుడెల్ల ఇంజను చల్లగా నుండెనా, వేడెక్కెనా, బయలుదేరి యెన్ని కిలోమీటర్లైనది, ఏ గేరు, ఎంత వేగము, ఎగువయా దిగువయా, మలుపా, గతుకా, వానయా, బరువెంత, ఏ దీపము వెలిగినది అను సంగతులను వ్రాసికొనవలెను. వ్రాయునది బండి నిలిపిన తరువాత నని వేరుగా చెప్పనక్కఱలేదు. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి గలదు: ఆ క్షణమున ఇంజను వేగము పెరిగెనా, తగ్గెనా? ఇంజను వేగము పెరిగి బండివేగము పెరగనిచో ఎక్కడనో జారుచున్నది. రెండును పడిపోయినచో తప్పు గేర్లది కాక ఇంజనుదే కావచ్చును. ఇంధన సరఫరాలోని లోపమును గేరుపెట్టె నెత్తిన రుద్దుట తఱచుగా జరుగుచున్నది.

చేతితో గేరు మార్చు బండిలో నీ జబ్బు ఎక్కువగా క్లచ్చి దగ్గఱనే దాగియుండును. క్లచ్చిని ద్రవముతో నడపు బండ్లలో ఆ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. ఏండ్ల తరబడి మార్చనిచో, ఇంజను వేడికి ఆ తేమ యావిరియగును. ఆవిరి అణగును గాని త్రోయదు. పెడలు నేలకంటును, గేరు పడదు. బండి చల్లారిన నావిరి మరల నీరగును, జబ్బు మాయమగును. ఎండలు 45 డిగ్రీలకు చేరు మన నల్లగొండ వేసవిలో, మిల్లుల యొద్ద గంటలకొలది కదలుచు నిలుచుచు నుండు బండికి ఇది వింత గాదు. మరియొకటి: పెడలును ఒక నిమిషము తొక్కిపట్టి, పిదప రివర్సుగేరు వేసిచూడుడు. వెంటనే వేసిన చక్కగా పడి, నిమిషము తరువాత గరగరలాడినచో లోపలి రబ్బరు వాషరు ద్రవమును మెల్లగా విడుచుచున్నదన్న మాట. గేరు దానంతట నది యూడివచ్చునపుడు పెట్టెను నిందించుటకు ముందు ఇంజనును పట్టియుంచు రబ్బరు దిమ్మలను, గేరుకఱ్ఱకు పోవు తీగెలను చూడవలెను. దిమ్మ చినిగినచో గతుకులో ఇంజను ఊగి గేరును లాగివేయును.

ఆటోమేటిక్ బండికి మొదటి పరీక్ష నూనె. ఎంత యుండవలెనో, వేడిమీద చూడవలెనో చల్లగా చూడవలెనో, బండితో వచ్చిన పుస్తకమును చదివి యట్లే చేయవలెను. బండికి బండికి భేదము గలదు. నూనె తక్కువైనచో మలుపునందును మిట్టమీదను అది యొకవైపునకు ఒరిగి పంపు గాలిని పీల్చును. చదునునేల మీద మరల బాగుగనే యుండును. నూనె నల్లబడి మాడువాసన వేసినచో పలకలు కాలినవని తెలియవలెను. కొంతదూరము చక్కగా పోయి, శక్తి నశించి నిలిచి, పది పదిహేను నిమిషములు విశ్రమించిన మరల బయలుదేరు బండ్లు గలవు. దయ్యము పట్టినదని నవ్వుదురు. నూనెలోని మడ్డి జల్లెడకు అంటుకొని దారిని మూయుట, బండి నిలిచిన నది రాలి క్రిందికి దిగుట యిందులకు కారణము కావచ్చును. ఇంకొక చిన్న పరీక్ష మాకు మిక్కిలి యింపైనది. చదునైన దారిని మధ్యమవేగమున పోవునపుడు గరుకునేల మీద పోవుచున్నట్లు బండి వణకినచో, వెనుక బండ్లు లేనప్పుడు, ఎడమకాలితో బ్రేకును దీపము వెలుగునంత మాత్రమే తాకవలెను. వెంటనే వణకు ఆగినచో తప్పు నూనెపంకాలను ఒకటిగా బంధించు లోపలి క్లచ్చిది. ఏలయన బ్రేకు సూచన రాగానే కంప్యూటరు ఆ బంధమును విడిచివేయును.

ఇక విద్యుత్తు. గేర్లను మార్చుటకు నూనెదారులను తెఱచుచు మూయుచు నుండు చిన్న కవాటములను సొలినాయిడ్లందురు. వానిలోని సన్నని రాగితీగె యొకచోట తెగియు, చల్లగా నున్నంతసేపు కొనలు తాకియుండి, వేడెక్కిన విడిపోవచ్చును. చల్లారిన తరువాత మీటరుతో కొలిచిన సరిగానే చూపును, వేడిమీదనే కొలవవలెను. ఇట్టి వేడిజబ్బు లోకప్రసిద్ధమైన కంపెనీలనే తిప్పలు పెట్టినది. 2013 నవంబరులో ఫోక్స్‌వాగన్ వారు ఏడుగేర్ల పెట్టెగల 16 లక్షల కార్లను వెనుకకు పిలిచిరి. ఉక్కబోత దేశములలో, ఆగుచు సాగుచు నడచు బండ్లయందు, కృత్రిమనూనె కారణముగా విద్యుద్భాగమున లోపము పుట్టి నడక ఆగిపోవచ్చునని కనుగొని, దానికి మారుగా ఖనిజనూనెను పోసిరి. పండ్లచక్రములలో దోషము లేదు, మార్చవలసినది నూనె.

వేములపల్లి గృహస్థుని కొకనికి ఆటోమేటిక్ కారు గలదని యనుకొందము. అప్పుడప్పుడు మూడవగేరున బిగిసికొని, ఇంజను నార్పి మరల వెలిగించినచో బాగగును. ఇది జబ్బు కాదు, ఆత్మరక్షణ: వార్త తెగిన కంప్యూటరు సొలినాయిడ్ల నన్నిటిని విడిచిపెట్టి, ఇల్లు చేరుటకు ఒక గేరును మాత్ర మిచ్చుచున్నది. ఒకరు పెట్టె విప్పవలెననిరి. ఆతడు రెండువారములు పుస్తకము వ్రాసెను. ఎండకును జబ్బునకును సంబంధము కనబడలేదు, దూరమునకును లేదు. జబ్బు వచ్చిన ప్రతిసారియు గతుకు మీదనే, అదియు ధాన్యపు కొట్టము ప్రక్కన రాత్రి నిలిపిన మఱునాడు మొదలైనదే. బండి క్రిందికి దీపముతో దూరి చూడగా పెట్టెకు పోవు తీగెల కట్టలో నొకదానిని ఎలుక కొఱికియున్నది. రాగి రెండు పోగుల మీద నిలిచియున్నది. మూరెడు తీగెయు, కొంచెము టంకమును, పైనొక తొడుగును చాలును. వడ్లున్నచోట ఎలుకలుండును, ఎలుకలున్నచోట తీగెలకు రక్షణ లేదు. ఇంజను నడుచుచుండగా తీగెకట్టను చేతితో మెల్లగా కదలించి చూచుట, తిరుగు భాగములకు దూరముగా, మేస్త్రీలందఱును చేయదగిన పని.

కొందఱు షెడ్డున బండి నిలిపినవెంటనే బ్యాటరీతీగెను విప్పుదురు. కంప్యూటరు తాను చూచిన లోపమును, ఆ వేళ వేగమెంత, వేడి యెంత యనునది గూడ గుర్తుంచుకొని యుండును. బ్యాటరీ విప్పిన నది పలుబండ్లలో తుడిచిపెట్టుకొనిపోవును. సాక్షి వాఙ్మూలమును చదువకయే చింపివేయుట యన్న నిదియే. స్కానరు పెట్టి యంకెలు ముందు వ్రాసికొనవలెను. అయితే ఆ యంకె "ఈ భాగము చెడినది" యని చెప్పదు. "ఈ దారిని వార్త తెగినది" యని మాత్రమే చెప్పును. అంకె చూచి క్రొత్త సొలినాయిడు కొని, తీగెను చూడనివారు డబ్బు పోగొట్టుకొనుచున్నారు.

బాగైనదని యెప్పు డనవలెను? మేస్త్రీ బజారువఱకు నడపి తెచ్చి చేతులు తుడుచుకొనిన చాలదు. పుస్తకములో జబ్బు సగటున ఎన్ని దినముల కొకసారి వచ్చినదో లెక్కింపవలెను. పది దినముల కొకసారి వచ్చునది, మందు వేసిన మఱునాడు రాలేదన్న నేమియు తేలదు. మూడింతల కాలము, అనగా ముప్పది దినములు, అదే దారిని, అదే బరువుతో, అదే వేళలలో నడపి రాకున్నచో పోయినదని నూటికి తొంబదియైదుపాళ్లు నమ్మవచ్చును. అంతవఱకు బండిని రాత్రివేళ దూరపు బాడుగలకు పంపక, మిర్యాలగూడెము వఱకు త్రిప్పుకొనుట మంచిది.